పూచీ సంతకం

మా స్టేషన్లో కేసు కాగితాలు రాసేది నేనే. తాగి రోడ్డు మీద తూలినవాణ్ణి ఇంటికి పంపడమన్న మాట నా దగ్గర చెల్లదు. "జాలి పడితే నెత్తికెక్కి కూర్చుంటారు" అని కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకి కూడా పాఠం చెప్పాను. ఆవిడ తలూపింది. నా వయసుకి మర్యాద ఇచ్చి ఊపిందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆవేళ నాకు సెలవు. పాత స్నేహితుడు రిటైరవుతూ మధ్యాహ్నం విందు ఇచ్చాడు. ఒక్క గ్లాసే అనుకున్నాను. బయటికొచ్చేసరికి బట్టల కొట్టు ముందు కోటు తొడుక్కుని ఎవడో నిలబడి నావంక చూసి నవ్వుతున్నాడు. "పేరు? తండ్రి పేరు? ఏం చేస్తుంటావ్?" అని గద్దించాను. ఉలుకూ పలుకూ లేదు. నా సర్వీసులో నన్నంత చులకన చేసినవాడు లేడు! మెడ పట్టుకుని స్టేషన్‌కి ఈడ్చుకెళ్లాను. దారిలో వాడి కుడిచెయ్యి ఊడిపోయింది. అప్పుడైనా నా బుర్ర వెలగొద్దూ?

వెలగలేదు. బొమ్మను ఇన్‌స్పెక్టరమ్మ ఎదుట నిలబెట్టి, "పీకలదాకా తాగాడమ్మా, నోట మాట కూడా రావట్లేదు. కేసు కట్టండి" అన్నాను. వెనకాలే కొట్టాయన, ఊడిన చెయ్యి పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

నాకు నీళ్లు తాగించి బెంచీ మీద కూర్చోబెట్టారు. గంటసేపటికి మత్తు దిగి భయం ఎక్కింది. కేసంటూ పడితే ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

"బొమ్మ బాగుచేయిస్తే చాలంటున్నారు కొట్టాయన" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "తాగినవాళ్లని క్షేమంగా ఇంటికి చేర్చడమే నాకిష్టం, రైటర్ గారూ. ఇంటి మనిషి వచ్చి పూచీ సంతకం పెడితే పంపేస్తా. ఆరింటిదాకా ఎవరూ రాకపోతే మాత్రం కేసు రాయక తప్పదు."

మా ఆవిడకి ఫోన్ చేశాను.

"నేను రాను. తమ్ముణ్ణి పంపిస్తా. సంతకం పెడతాడో లేదో వాడిష్టం" అని ఫోన్ పెట్టేసింది.

రెండేళ్ల క్రితం ఇదే బెంచీ మీద నా బావమరిది కూర్చున్నాడు. అప్పట్లో స్కూలు బస్సు డ్రైవరు. సెలవురోజున తాగి పార్కులో పాటలు పాడుతుంటే పట్టుకొచ్చారు. "ఒక్క సంతకం పెట్టి తీసుకురండి" అని మా ఆవిడ ఫోన్లో కాళ్లావేళ్లా పడింది. "చట్టానికి బావమరుదులుండరు" అని సెలవిచ్చాను. ఆ ముక్క నాకెంత నచ్చిందంటే, వారం రోజులు కనిపించినవాడికల్లా చెప్పుకున్నాను. వాడి ఉద్యోగం పోయింది. ఇప్పుడు గోడౌన్లో మూటలు మోస్తున్నాడు.

ఆరవడానికి పది నిమిషాలుందనగా వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. నన్ను చూశాడు, పక్కనే ఒంటిచేతి బొమ్మను చూశాడు. పగలబడి నవ్వినా బాగుండేది, నాలుగు తిట్టినా బాగుండేది. వాడు మాత్రం కాగితం అందుకుని సంతకం పెట్టేశాడు.

నా జబ్బ పట్టుకుని మెట్లు దింపుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎందుకు పెట్టావురా? నీకు నేను పెట్టలేదుగా!"

"ఆ బెంచీ మీద కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు బావా. ఆ రోజు పొద్దుగూకేదాకా గుమ్మం వైపే చూశా. అక్కతో ఏదో కోపంలో అన్నారులే, వచ్చేస్తారనుకున్నా. మీరు పని మీద ఎక్కడికో దూరం వెళ్లారని చెప్పారు లోపలివాళ్లు. పాపం, అందలేదేమో అనుకున్నా."

అలా చెప్పమన్నది నేనే. ఆ రోజు నేను పక్క గదిలో తలుపేసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో వాడి కేసు రాస్తున్నాను.