మూటల గదిలో ఎడమ స్పీకర్

నేను ఒక స్పీకర్ని. జతలో ఎడమదాన్ని. కుదురుగా ఉండటం నా జాతకంలో లేదు. నా ముఖాన ఉన్న కాగితపు గిన్నె క్షణానికి వందలసార్లు ముందుకూ వెనక్కూ ఊగితేనే నేను బతికున్నట్టు. ఊగడం ఆగితే వట్టి చెక్కపెట్టెని. అందుకే ఏ లెక్కైనా నేను కదులుతూనే చూసుకున్నాను: ఏమి ఇచ్చాను, ఏమి పుచ్చుకున్నాను అని.

నన్ను తయారుచేసింది సోమలింగం. గుంటూరులో, బావ ఏడుకొండలుకు చెందిన రేకుల షెడ్డులో. పదిహేనేళ్లు ఊరేగింపుల మైకుసెట్లు బాగుచేసిన మనిషి. బావకి డీజే లారీ ఉంది. దాని మీద మనిషెత్తు పెట్టెలుంటాయి. అవి మోగితే వీధిలో కిటికీలు వణుకుతాయి. సోమలింగానికి ఆ మోత గిట్టదు. ఇంట్లో కూర్చుని వినేవాడికి పాడే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుండే మేలురకం స్పీకర్లు చేయాలని అతని పట్టు.

"దసరా దాకా చూస్తా సోమా," అన్నాడు ఏడుకొండలు. "ఒక్క జతన్నా అమ్మావా, షెడ్డు నీది. అమ్మలేకపోయావా, పెట్టెలిప్పి ఆ అయస్కాంతాలు నాకిచ్చేసి లారీ ఎక్కు."

సోమలింగం తల ఊపాడు. ఆ ఊపుతో నా తలరాత కూడా ఖాయమైపోయిందని నాకు తెలియదు. అప్పటికి నేనింకా గోడకి ఆనించిన నాలుగు ప్లైవుడ్ పలకలే.

ఆషాఢంలో బేరం తగిలింది. మంగళగిరిలో దామర్ల మాణిక్యమ్మ. ఇంటి ముందుగదిలోనే నేతచీరలు అమ్ముతుంది. పద్యనాటకాలంటే చెవి కోసుకుంటుంది. చీరలు మడతపెడుతూ పద్యాలు వినడం ఆవిడకు ముప్పయ్యేళ్ల అలవాటు. గది పది అడుగులకు పదకొండు. సోమలింగం టేపు విప్పేలోపే ఆవిడ గిరి గీసేసింది.

"ఒక్కో పెట్టెకి మూరెడు చోటిస్తానయ్యా. అంతకుమించి ఆక్రమిస్తే నా చీరలు కొనేవాళ్లు నీ నెత్తిన కూర్చోవాలా? ధర అరవై వేలు. ఆపైన రూపాయి అడిగేట్టయితే మజ్జిగ తాగి ఇప్పుడే బయల్దేరు."

"అమ్మా, చిన్న పెట్టె, లోతైన తబలా, పెద్ద గొంతు. ఈ మూడూ ఒకచోట ఇమడవు. రెండు తీసుకుని ఒకటి వదలాలి."

"ఏది వదలమంటావ్?"

"గొంతు. ఇంత గదికి అరుపు దేనికి?"

"సరే, వదిలేశా. దానికెంత తగ్గిస్తావ్?"

సోమలింగం మజ్జిగ గ్లాసు ఎత్తాడు.

నా పుట్టుకంతా ఇలాంటి బేరమే. మంచి గిన్నె కొంటే తీగచుట్టలకు తక్కువపడేది. తీగచుట్టలు మేలైనవి వేస్తే పెట్టె పలచనయ్యేది. పలచని పెట్టె తనే దడదడలాడుతుంది, పద్యంలో తన పాట కలుపుతుంది. చివరికి నా లోపలికి అడ్డకర్రలు దక్కాయి, ఒంటిమీదికి టేకు తొడుగు దక్కలేదు. గోధుమరంగు పూతతో సరిపెట్టాడు. అడుగున చేయి పట్టేంత గొట్టం ఒకటి అమర్చాడు. తబలా లోతంతా ఆ గొట్టంలోంచే వస్తుంది.

సోమలింగానికి ఒక పద్ధతి ఉండేది. షెడ్డులో ఎంత బాగా మోగినా ఒప్పుకోడు. కొన్నవాళ్ల గదిలోనే పెట్టి, అక్కడే విని, అక్కడే సరిచేయాలి. ఆ నెలలోనే, రంగు ఆరకముందే మమ్మల్ని మంగళగిరి మోసుకొచ్చాడు. రెండు రోజులు ఆ గదిలో పద్యం వెనక పద్యం వాయించాడు. గొంతు కాస్త మందంగా ఉందని పై స్వరాలు పెంచాడు. తబలా ఆనడం లేదని గొట్టం పొడుగు మార్చాడు. రెండో సాయంత్రానికి హార్మోనియం ఎదురుగా ఉందా అన్నట్టు పలికాను. మాణిక్యమ్మ చేతిలో చీర మడత ఆగిపోయింది. "బాగుంది. ముస్తాబు చేసి తీసుకురా. కానీ నా ఇంట్లో పదిరోజులు ఇట్టాగే మోగాలి, లేకపోతే తిరుగుటపాలో పంపిస్తా," అంది.

భాద్రపదం మొదటివారంలో ఏడుకొండలు ట్రాలీ ఆటోలో మమ్మల్ని దింపాడు. మొదటి పద్యం ఎత్తుకున్నాను. నాకే సిగ్గేసింది. నటుడి రాగం రేకు మీద రాళ్లు పోసినట్టుంది. తబలా దెబ్బ ఒకటి పడితే గది నాలుగు దెబ్బలు కొట్టింది.

"ఏందయ్యా ఇది?" అంది మాణిక్యమ్మ. "నాకు చూపించిన చీర ఒకటి, పొట్లం కట్టింది ఇంకోటా?"

సోమలింగం తీగలు పీకి మళ్లీ కలిపాడు. నన్ను కుడివైపు, కుడిదాన్ని ఎడమవైపు పెట్టాడు. ఏడుకొండలు గుమ్మానికి ఆనుకుని, "ట్రాలీ పంపించెయ్యమంటావా, ఉంచమంటావా?" అని అడిగాడు. ఆ అడగడంలో జాలి కంటే హుషారే ఎక్కువ. అయస్కాంతం ఉన్న చోట నాకు చల్లగా తగిలింది.

సోమలింగం గది మధ్య నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. గోడలు తిరిగి కొట్టాయి. అప్పుడు చుట్టూ చూశాడు.

"అమ్మా, ఆ రోజు ఇక్కడ చీరల మూటలుండాలిగా?"

"ఆషాఢంలో ఉండవా మరి? మూడు గోడలకీ కప్పుదాకా పేర్చా. శ్రావణ శుక్రవారాలు దాటాక కూడా ఉంటే నా కొంప మునిగినట్టే."

బట్ట శబ్దాన్ని తాగేస్తుంది. ఆ రెండు రోజులూ నా పాటలో సగం చీరలు తాగాయి. అవి తాగినంతా సోమలింగం నాలో అదనంగా పోశాడు. ఇప్పుడు చీరలు ఊళ్లమీదికి వెళ్లిపోయాయి, అదనం మాత్రం నాలో మిగిలింది.

ఏడుకొండలు బామ్మర్దిని పక్కకు లాగి గొణిగాడు. "ఇంకేం, బతికిపోయావ్. గది మార్చింది ఆవిడ. మూటలు తెప్పించుకుని వినమని చెప్పి డబ్బులడుగు."

ఆ మాట అంటే బేరం నిలబడుతుందేమో. అనకపోతే నేను విడిభాగాలే.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు సోమలింగం. "గదిని కొలవాల్సింది సరుకుని కొలిచాను."

ఆ గొణుగుడు విననే విన్న మాణిక్యమ్మ ఏడుకొండలు వైపు తిరిగింది. "ఏమయ్యా, మా నేతలో పోగు తెగితే ఏంచేస్తారో తెలుసా? నేసినవాడే ముందు ఆ మడత విప్పి చూపిస్తాడు. చూపిస్తే సరిచేసుకునే వీలుంది. దాచిపెట్టాడా, ఇక ఆ మగ్గం గడప తొక్కను." సోమలింగానికీ మెత్తదనం చూపలేదు. "పదిరోజులని చెప్పా. ఒకటి అయిపోయింది. రూపాయి ఎక్కువ ఇవ్వను."

ఆ తొమ్మిది రోజులూ నా వీపు తెరిచే ఉంది. మూటలు లేని గదికి సరిచేస్తే మూటలొచ్చినప్పుడు నా గొంతు పూడుకుపోతుంది. మూటలున్న గదికి సరిచేస్తే మళ్లీ ఈ గోలే. పెట్టె పెంచడానికి చోటు లేదు, సరుకు పెంచడానికి డబ్బు లేదు. సోమలింగం అన్నం కంచం ముందు కూర్చుని కూడా చప్పట్లు కొట్టి వినేవాడు. ఆఖరికి ఖరీదైన ఉపాయాలన్నీ పక్కనపెట్టి నా వెనక చిన్న మీట బిగించాడు. పైకి వేస్తే పై స్వరాలు నిండుగా, కిందికి వేస్తే అణకువగా వస్తాయి. గొట్టంలోకి పాతచీర ముక్క ఒకటి గట్టిగా చుట్టి కుక్కాడు. మొత్తం ఖర్చు ఒకపూట భోజనమంత.

పదో రోజు ఖాళీ గదిలో నోట్లో గుడ్డతో పాడాను. మునుపటంత లోతు లేదు, ఒప్పుకుంటాను. కానీ పద్యంలో ప్రతి అక్షరం విడివిడిగా, చివర రాగం గోడలకి తగలకుండా సాగింది. మాణిక్యమ్మ కళ్లు మూసుకుని ఆఖరు దాకా వింది. ఏడుకొండలు ట్రాలీ తాళం వేలికి తిప్పుకుంటున్నాడు.

"సోమలింగం, ఆ ఎడమదాన్ని జానెడు కిటికీవైపు జరుపు. రేపు పెళ్లివాళ్లు చీరలు చెప్పుకోవడానికొస్తున్నారు, కూర్చోవాలి," అంది.

తాళం తిరగడం ఆగింది. తిప్పి పంపే సరుక్కి ఎవరూ చోటు చూడరు.

ఇది జరిగి మూడేళ్లు. షెడ్డు సోమలింగానిదే. ఏడాదికి నాలుగు జతలు, మహా అయితే అయిదు. కొత్త గదిలో అడుగుపెడితే టేపు తీయడానికి ముందు, ఈ గది ఏ నెలలో ఎట్టా ఉంటుందమ్మా అని అడుగుతాడు. నా సంగతంటారా, నాకు నిలకడ దొరకలేదు. ఆషాఢంలో గుడ్డ తీస్తారు, మీట పైకి వేస్తారు. శ్రావణంలో మూటలు ఒక్కొక్కటే దిగుతుంటే నా గొంతు రోజుకో రకంగా మారుతుంది. భాద్రపదానికి మళ్లీ గుడ్డ.

ఈ ఏడు శ్రావణమంతా వాన పట్టుకుంది. బస్సులు తిరగలేదు, కొనేవాళ్లు రాలేదు. భాద్రపదం సగమైంది, మూటలు ఇంకా కప్పునంటే ఉన్నాయి. నేను పుట్టాక ఒక్క ఏడూ ఇన్నాళ్లు ఇంత గొప్పగా పాడలేదు. మాణిక్యమ్మ సగం పద్యంలో ఆపేసి వీధివైపు చూస్తోంది. ఎవరైనా గొడుగు మూసి గుమ్మం ఎక్కితే బాగుండు. నాలుగు మూటలు దిగితే చాలు, నా నోట్లో గుడ్డ కుక్కినా సరే.