గడపకాడ పేరు

వందన కరీంనగర్‌ల ఉండి పెండ్లి ఆచారాల మీద పరిశోధన చేస్తుండె. కొత్త జంట ఇంట్ల కాలు పెట్టేముందు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలవడి పేర్లు చెప్పిస్తరు గదా, ఆ ఆచారమే ఆమె పట్టుకున్నది. వెనుకట ఆలుమగలు పేరు ఉత్తగ చెప్పకపోతుండె, పదం కట్టి అందుల పెట్టి చెప్తుండె. మహారాష్ట్ర పొంటి ఊర్లల్ల ఇంకా ఎవరికన్న యాదికుంటదని బోథ్ దిక్కు పోయింది.

అక్కడ బాలవ్వ దొరికింది. వయసుల ఉన్నప్పుడు ఊర్ల కొత్త కోడండ్లకు పదాలు కట్టిచ్చింది ఆమెనే. అడిగిందే ఆలస్యం, ఊర్ల అందరి మొగండ్ల పేర్లతోని పదాలు వినిపించింది. తన మొగడు హనుమండ్లు పేరు కాడికి రాంగనే మాట దాటేసింది. మరి మీ పెండ్లినాడు ఏం చెప్పిన్రని వందన అడిగింది. ఆనాడు వాన దంచి కొట్టిందట. తడుస్తున్నమని అందరు లోపటికి ఉరికిన్రట. పేరు చెప్పుడు అట్లనే మిగిలిపోయిందట.

మనుమడు రాకేశ్ దుబాయ్ నుంచి వచ్చి పెండ్లి చేసుకుంటుండని, తప్పక రావాలని బాలవ్వ పిలిస్తే వందన పోయింది. కొత్త జంట గడపకాడ పేర్లు చటుక్కున చెప్పి లోపటికి పోయిన్రు. వాళ్ల వెనుక ముసలోళ్లిద్దరు, బాలవ్వ, హనుమండ్లు వస్తున్నరు. వందనకు ఏం తోచిందో, చేతిల ఫోను పక్కన పెట్టి గడపకు అడ్డం నిలవడ్డది.

"పేరు చెప్పందే పోనియ్య అవ్వా. మీదింకా కాలే."

ఆడోళ్లందరు వందన దిక్కు చేరిన్రు. బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పెరటి దారి చూసింది. అక్కడ కోడండ్లు నిలవడ్డరు. ఇగ తప్పదని కొంగు తీసింది.

"కందిచేన్ల విరిసింది పసుపుపచ్చ పువ్వు
హనుమండ్లు ముంగట ఆగది నా నవ్వు"

హనుమండ్లు ఉన్నకాడ్నే నిలవడ్డడు. కాపురమంత ఆమె నోట్ల 'ఇగో', 'మా ఇంటాయన' అనే విన్నడు.

"బాలవ్వా," అన్నడు. ఆ పేరు ఆయన నోట్ల ఇంతకుముందు ఎవ్వరు వినలే. "జర ఇంకోపారి అను. సక్కగ ఇనరాలే."

ఆయన చెవులు మంచిగనే ఉన్నయని ఇంట్ల అందరికి ఎరుకే. అయినా బాలవ్వ గొంతు పెంచి, మొగని మొఖం చూసుకుంట మళ్ల అన్నది.

ఇగ ఆడోళ్లను ఆపతరం కాలే. ఎవరి మొగన్ని వాళ్లు రెక్క పట్టి గడపకాడికి గుంజుకొచ్చిన్రు. అన్నం సల్లారుతున్నదని వంటోళ్లు మొత్తుకున్నా వినేటోళ్లు లేరు. పదం తోచనోళ్ల చెవుల బాలవ్వ ఊదుతుంటే, వందన తలుపు పట్టుకొని నిలవడి పొద్దుగూకేదాక ఒక్కరినీ ఉత్తగ పోనియ్యలే.