ముప్ఫై మూడు స్పీడులో ఒక ఆడగొంతు

"లేబుల్ మీద ఒక్క చుక్క పడినా ఊరుకోను, చెప్తున్నా" అన్నాడు భర్త, బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి. ఎప్పుడూ అనేదే. పన్నెండేళ్ళుగా ఆయన గ్రామఫోను రికార్డులు ఆమే కడుగుతోంది, ఇంతవరకూ ఒక్క లేబులూ తడవలేదు. అయినా ఆయన చెప్పకుండా ఉండడు, ఆమె "ఊఁ" అనకుండా ఉండదు. పొద్దున్న ఏడింటి నుంచి స్టూలు మీద వంగి కూర్చునే ఉంది. ఒడిలో పాత తువ్వాలు, పక్కన ఫిల్టరు నీళ్ళ గిన్నె, అందులో రెండు చుక్కల సబ్బు. మెత్తటి బ్రష్షుతో గాడి వెంటే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా తుడిస్తే గీత పడుతుంది. తుడిచినవాటిని వంటింట్లో పళ్ళేలు ఆరబెట్టే స్టాండులో నిలబెట్టాలి. అత్తగారికి అదో వేళాకోళం. "గిన్నెలు కడిగే చెయ్యేగా, నాలుగు ప్లేట్లు కడిగితే అరిగిపోతుందా ఏం?" అంటుంది, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఇవాళ పదకొండింటికి కంపెనీ ఆవిడ వస్తోంది. యాభై ఏళ్ళ కిందట చిన్న చిన్న బ్యాండ్లు క్లబ్బుల్లో వాయించిన ఫంక్, సోల్ అనే పాశ్చాత్య బాణీల పాటలున్నాయి చూడండి, రెండు మూడొందల కాపీలు వేయించుకుని, అడిగేవాళ్ళు లేక మూలపడ్డవి, అలాంటివాటిని వెతికి మళ్ళీ కొత్తగా విడుదల చేసే కంపెనీ అది. ఆవిడకి కావలసింది ఈ ఇంట్లో ఉన్న మూడు వేల రికార్డుల్లో ఒక్కటే, ఎర్ర లేబుల్ది. మూతబడ్డ ఓ క్లబ్బు సామాను ఖాళీ చేస్తుంటే అట్టపెట్టె అడుగున దాన్ని చూసి, "ఇదేదో బాగున్నట్టుందండీ" అని తీసిచ్చింది ఆమే. తర్వాత ఆయన పత్రికలో రాసిన వ్యాసంలో మాత్రం "నా చెయ్యి దానంతటదే ఆ పెట్టెలోకి వెళ్ళింది" అని వచ్చింది. ఆ చేతికి రెండు గాజులున్న సంగతి రాయలేదు.

చెయ్యి సంగతి పోనీ. ఇవాళ ఆమె భయం దాని గురించి కాదు. ఆ వ్యాసంలో ఆయన లేబుల్ మీది పేరు చూసి, గాయకుడి గొంతు గురించి పేరాలకి పేరాలు రాశాడు. ఆ బొంగురు, ఆ మగటిమి, ఆ అలసట అని ఒకటే పొగడ్త. తీరా ఆ రికార్డులో ఉన్నది ఆడమనిషి గొంతు.

ఈ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు, ఎందుకంటే విన్నది ఆమె ఒక్కతే. మూడు వేలల్లో ఆయన విన్నవి మూడొందలు ఉంటే గొప్ప. "వెతకడానికే టైము చాలట్లేదు, మళ్ళీ వినడం కూడానా" అని స్నేహితులతో నవ్వుతాడు. అరుదైనవైతే అసలే ముట్టుకోడు, సూది తగిలితే అరుగుతాయని. కడిగాక ఎలా ఉన్నాయో చూడటం ఆమె పని. "ఒక్క నిమిషం పెట్టి, గరగర పోయిందో లేదో చూసి తీసెయ్, వింటూ కూర్చోకు" అని ఆర్డరు. ఎర్ర లేబుల్ దాన్నీ ఆ ఒక్క నిమిషమే విందామనుకుంది. ముందు బేసు గిటారు వచ్చింది, దాని వెనకే డ్రమ్ములు, తర్వాత ఆ గొంతు. ఏ తొందరా లేదు, ఎవరి దగ్గరా బెరుకు లేదు. ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు లేదు. పాట మొత్తం విని, మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ఆ రోజు తను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్కులో రిసెప్షన్ బల్ల దగ్గరికి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరింది. "ఇంట్లో పనులు తెమలకపోతే ఇల్లే చూసుకోవచ్చుగా అమ్మా" అన్నాడు డాక్టరు, పేషెంట్లందరూ వినేలా. ఇంకో రోజైతే ఆ మాటకి సాయంత్రం దాకా కుమిలేది. ఆ రోజు లోపల పాట నడుస్తూ ఉంది, ఆ మాట తగల్లేదు.

వ్యాసం అచ్చయి వచ్చాక మెల్లగా ఆయన చెవిన వేసింది. "అందులో పాడింది ఆడమనిషండీ."

"ముప్ఫై మూడు స్పీడులో పెట్టాల్సింది నలభై అయిదులో పెట్టుంటావ్. స్పీడు పెరిగితే ఎవడి గొంతైనా కీచుమంటుంది" అన్నాడాయన. అంతటితో పోనిచ్చాడా? ఇంటికొచ్చిన ప్రతి స్నేహితుడికీ చెప్పాడు. "మా ఆవిడ ఓసారి ఏం చేసిందో తెలుసా?" అనగానే గదంతా నవ్వులు, ఆమె చేతిలో కప్పుల ట్రే. నవ్వీ నవ్వీ ఆమెకే అనుమానం పట్టించారు. నిజంగానే తప్పు పెట్టానేమో, నాకేం తెలుసు అనుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మళ్ళీ పెట్టింది. ప్లేయరు మీది స్పీడు మీట ముప్ఫై మూడు దగ్గరే ఉంది. గొంతు ఆడదే. అప్పుడు లేబుల్ పక్కన ఖాళీ అంచు చూసింది. ప్రతి రికార్డుకీ అక్కడ ఫ్యాక్టరీవాళ్ళు చేత్తో చెక్కిన నెంబరు ఉంటుంది, రోజూ తుడిచే చోటే. లేబుల్ మీద ఒక నెంబరు, అంచున ఇంకొకటి. ఎవరో ఒకరి పాటకి ఇంకొకరి లేబుల్ అతికించేశారు. యాభై ఏళ్ళుగా ఆ మనిషి ఓ మగవాడి పేరు వెనక ఉండి పాడుతోంది. ఈ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు. ఒకసారి నవ్వులపాలైంది చాలు.

పదకొండు కాకుండానే కంపెనీ ఆవిడ వచ్చింది. పొట్టి జుట్టు, భుజాన బరువైన సంచీ. ఆమె టీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది. వినకుండా వెళ్ళిపోతే బాగుండును అనుకుంది. వెంటనే, అలా వెళ్ళిపోతే ఆ పాట గతేంటని ఇంకో బెంగ.

"ఓసారి వినిపించండి" అంది ఆవిడ.

"చాలా అరుదైనదండీ, సూది తగిలితే..."

"వినకుండా ఎలా వేస్తామండీ?"

ఆయన చేతులు తుడుచుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రికార్డు తీసి పెట్టాడు. గిటారు వచ్చింది. డ్రమ్ములు వచ్చాయి. గొంతు వచ్చింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. వంగి మీట చూశాడు. ముప్ఫై మూడు. నలభై అయిదుకి తోశాడు, పాట కీచుమంటూ పరుగెత్తింది. మళ్ళీ వెనక్కి లాగాడు. అదే ఆడగొంతు, అదే తీరిక. కంపెనీ ఆవిడ వ్యాసం కాగితాలు బయటికి తీసింది.

"కడిగేటప్పుడు కవర్లు మార్చేసింది మా ఆవిడ" అన్నాడు. "ఒక్కోటీ కడగవే అంటే వినదు."

"దానికి నిలకడ లేదులెండి" అని అత్తగారు సోఫాలోంచి అందుకుంది.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. చుట్టాల ముందు, పిల్లల స్కూల్లో టీచర్ల ముందు, బ్యాంకులో, ఎక్కడ ఆయన మాట తేలిపోయినా ఆ చూపు ఆమె మీదకి వస్తుంది. 'అవును, నేనే' అనెయ్యాలి. అంటే అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చేసింది ఆ మాట. అనేస్తే ఆయన పరువు నిలుస్తుంది, ఆవిడ వేరే ఊరికి బస్సెక్కుతుంది, ఎర్ర లేబుల్ది మళ్ళీ బీరువాలోకి పోతుంది. ఇంకెవరూ దాన్ని బయటికి తియ్యరు. తియ్యనివ్వడు. ఆయన సూది ఎత్తెయ్యడానికి చెయ్యి చాపాడు.

"తియ్యకండి" అంది.

ఆయన చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది. "కవరు మారితే లోపల వేరే లేబుల్ ఉండాలి కదండీ. చూడండి, ఎర్ర లేబులే. స్పీడూ సరిగ్గానే ఉంది. పాటయ్యాక ఆ లోపలి అంచున చెక్కిన నెంబరు చూడండి, లేబుల్ మీద దానితో కలవదు. ఫ్యాక్టరీలోనే మారిపోయింది."

పాట అయిపోయింది. కంపెనీ ఆవిడ సంచీలోంచి భూతద్దం తీసి, రికార్డుని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. "ఇదెప్పుడు కనిపెట్టారు?"

"రెండేళ్ళయింది."

"మరి ఈ వ్యాసం?"

"వ్యాసం రాసింది ఆయనండీ. పాట విన్నది నేను."

"నువ్వు ముందు లోపలికెళ్ళు" అన్నాడు భర్త, పళ్ళ బిగువున.

ఆమె కుర్చీ లాక్కుని కంపెనీ ఆవిడ ఎదురుగా కూర్చుంది. "పాడినావిడకి ఇప్పుడు డెబ్భై పైనే ఉంటాయి. అసలు తన పాట ఇలా ఇంకొకరి పేరుతో బయటికొచ్చిందనే తెలిసుండదు. ఆ నెంబరు పట్టుకుని ఆవిణ్ణి వెతకడానికి మీతో నేనూ వస్తాను" అంది.