వంకర ఈత

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నేను నీళ్ళలో ఉండగా గుండె ఆగిపోవడం, గట్టు మీద నుంచి నా బుజ్జిది అది చూడడం.

బుజ్జిది పుట్టాక నేను ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయేదాన్ని. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఎడమ భుజానికి కాస్త కింద, చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. గాయం మానాక ఈత కొట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. నాకంటూ వచ్చిన విద్య ఈత ఒక్కటే. దాన్నీ వదులుకోవడం నా వల్ల కాదని, బుజ్జిదానికి నడక వచ్చాక మొండికేసి స్విమ్మింగ్ పూల్‌కి బయలుదేరాను.

బుజ్జిదాన్ని చంకనేసుకుని అత్తయ్య వెంటపడి వచ్చింది.

"మిషను తడిస్తే షాకు కొట్టదుటే?"

"అది ఒంటి లోపల ఉందత్తయ్యా. రోజూ స్నానం చేయట్లేదా?"

"స్నానం చెంబుతో చేస్తావు. ఇక్కడ నిలువునా మునుగుతావు!"

దిగాను. గోడను తన్ని ముందుకు సాగాను. నాలుగు బారలు వేశానో లేదో, పక్కకి పోయి, వరసల మధ్య కట్టిన తాడుకి గుద్దుకున్నాను. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ తాడే.

పూల్ దగ్గర కాపలా ఉండే ఆవిడని అందరూ ఈలక్క అంటారు. "ఏమ్మా, ఈతా, గానుగా?" అని నవ్వింది.

నాకు రోషం వచ్చింది. ఎడమ చెయ్యి పైకెత్తి విసిరాను. భుజంలో కత్తి దిగినట్టయింది. అయిపోయింది, గుండే అనుకున్నాను. తాడు పట్టుకుని, గట్టు వైపు చూడలేక కళ్ళు మూసుకున్నాను. ఈలక్క దూకి నన్ను గట్టుకి చేర్చింది. "డాక్టరు చూసి సరేననేదాకా నిన్ను దిగనివ్వను," అంది.

అత్తయ్య బుజ్జిదాన్ని కిందకి దించింది. తువ్వాలు తెచ్చి నాకు కప్పింది.

డాక్టరమ్మ మిషనూ గుండే రెండూ పరీక్షించింది. రెండూ బాగున్నాయి. "చెయ్యెత్తు," అంది. సగం కూడా లేవలేదు.

"ఎప్పట్నుంచి ఎత్తట్లేదు?"

"మీరు వద్దన్నప్పట్నుంచి."

"తల్లీ, మిషను నుంచి గుండెలోకి వేసిన తీగ కుదురుకునేదాకా కొన్ని వారాలు ఎత్తొద్దన్నాను. ఇప్పుడు మీ పాప పరుగులు పెడుతోంది కదా!"

నిజమే. తీగ ఊడిపోతుందేమోనని జడ కూడా అత్తయ్య చేతే వేయించుకున్నాను. పై అరలోని డబ్బాలన్నీ కిందకి దించుకున్నాను. అంత జాగ్రత్తకి భుజమే బిగుసుకుపోయింది, ఈత వంకరపోయింది.

ఆనాటి నుంచి డాక్టరమ్మ చెప్పినట్టు గోడ మీద వేళ్ళు పైకి పాకించడమే పని. కళ్ళ నీళ్ళు కారుతున్నా పాకించాను. బుజ్జిది పక్కన నిలబడి తనూ పాకించేది. అత్తయ్య నా వేళ్ళు అందిన చోట పెన్సిలుతో గీత గీసి, "నిన్నటి గీత కూడా దాటలేదు. వేషాలా?" అని అదిలించేది.

డాక్టరమ్మ సరేనన్నాక మొన్న మళ్ళీ దిగాను. చెయ్యి ఇంకా పూర్తిగా లేవదు. లేచినంత ఎత్తాను. తాడుని రాసుకుంటూ, నీళ్ళు మింగుతూ, అవతలి గోడ ముట్టుకున్నాను. భయం పోయిందా అంటే పోలేదు. దాన్ని వెంటేసుకునే ఈదాను.

మీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటి మిషను పెట్టించుకున్నవాళ్ళుంటే ఒకసారి వెళ్ళి చూడండి. గాయం మానిపోయినా ఆ చేతిని ఒంటికి అదుముకునే తిరుగుతున్నారేమో అడగండి. అవునంటే డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి.