పదకొండో సంచిక

దంతవైద్యుడి దగ్గర కట్టుడుపళ్ళు చేసే ఆయన్ని అక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆన్‌లైన్‌లో తాను నడిపే 'గాలిపడవ' అభిమానుల గుంపుకి మాత్రం ఆయన గురువుగారు. 'గాలిపడవ' ఆయన చిన్నప్పుడు నెలనెలా వచ్చిన బొమ్మల కథ. ఇరవైనాలుగు సంచికలు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఎవరూ అచ్చువేయలేదు. తొమ్మిదేళ్ళుగా ఆయన పాత పుస్తకాల దుకాణాలన్నీ జల్లెడ పట్టి, దొరికిన సంచిక దొరికినట్టు పిన్నులు ఊడదీసి, స్కాన్ చేసి, మరకలు తుడిచి గుంపులో పెట్టేవాడు. ప్రతి పేజీ మూలన 'గురువు' అని ముద్ర వేసేవాడు. ఆ ముద్ర చెరిపి ఎవరైనా ఇంకోచోట పెడితే ఇక వాళ్ళకి గుంపులో చోటుండేది కాదు.

ఇరవైమూడు సంచికలు దొరికాయి. పదకొండోది మాత్రం దొరకలేదు. పదో సంచిక చివర పడవలోని ముగ్గురు పిల్లలూ ఒక దీవిలో చిక్కుకుంటారు; అది ఎలా దాటారో ఆయన చిన్నప్పుడూ చదవలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మైనంలో పళ్ళు అమరుస్తుంటే ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. 'పిచ్చుక' అన్న పేరుతో గుంపులో ఉన్న ఆవిడ పదకొండో సంచిక పెట్టింది. అట్టతో సహా మొత్తం.

పిచ్చుక ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఏ స్కానర్ కొనాలో, అవతలివైపు అచ్చు కనపడకుండా పేజీ వెనకాల నల్ల కాగితం ఎలా పెట్టాలో ఆరునెలల కిందట ఆవిడకి ఫోన్‌లో ఓపిగ్గా నేర్పింది ఆయనే. ఇప్పుడు చూస్తే సముద్రం నీలం నిన్న అచ్చయినట్టుంది. కింద నాలుగొందలమంది మెచ్చుకోళ్ళు. "రంగులంటే ఇవీ! ఇన్నాళ్ళూ మనం చూసినవన్నీ వెలిసిపోయినవేనన్నమాట" అని ఎవరో రాశారు.

ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. ఆ మధ్యాహ్నం కోరపన్ను ఉండాల్సిన చోట దవడపన్ను పెట్టి డాక్టరు చేత చీవాట్లు తిన్నాడు.

ఇంటికి రాగానే భార్య అడిగింది.

"ఏంటి, ఆముదం తాగిన మొహం పెట్టారు?"

"పదకొండు దొరికింది."

"అబ్బ, తొమ్మిదేళ్ళ జపం ఫలించిందన్నమాట! మరి సంతోషమేగా?"

"దొరికింది నాకు కాదు."

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "ఓహో. మీకు కావలసింది పుస్తకం అనుకున్నానే ఇన్నాళ్ళూ."

ఆ సంచిక ఆయన చదవలేదు. తప్పులు వెతుకుతూ మాత్రం ముప్పైరెండు పేజీలూ తిప్పాడు. ఒక్క తప్పూ కనపడకపోయేసరికి ఒళ్ళు మండిపోయింది. మూడోరోజు ఉత్తరం రాశాడు. బొమ్మలు వేసినాయన పోయి చాలాకాలమైంది. హక్కులు ఆయన కూతురివి. ఆవిడ కర్టెన్లు కుట్టే దుకాణం ఎక్కడుందో గురువుగారికి ఎప్పటినుంచో తెలుసు. అనుమతి అడిగితే వద్దంటుందేమోనని ఇన్నేళ్ళూ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు మాత్రం సంతకం లేకుండా రాశాడు: 'మీ నాన్నగారి పుస్తకాన్ని పిచ్చుక అనే ఆవిడ ఆన్‌లైన్‌లో 'గాలిపడవ' గుంపులో దొంగతనంగా పంచుతోంది.'

పిచ్చుక పెట్టింది ఒక్కటే తీసేస్తారని ఆయన లెక్క. కానీ కూతురు స్వయంగా గుంపులో చేరింది. "అన్నీ తీసేయండి. గుంపు నడిపేవారూ, పిచ్చుకగారూ ఒకసారి వచ్చి నాతో మాట్లాడండి" అని రాసింది. రెండురోజుల్లో తొమ్మిదేళ్ళ పని గుంపులోంచి మాయమైంది.

దుకాణంలో గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్లమీద ఆవిడ పేజీలన్నీ అచ్చుతీసి పరిచిపెట్టింది. పిచ్చుక అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఫోన్‌లో గొంతు వినడమే తప్ప, ఆవిడ మొహం ఆయన చూడడం అదే మొదలు.

"ప్రతి పేజీమీదా గురువు అని ఉంది. మా నాన్న పేరు వెతుకుదామంటే ఎక్కడా లేదు. ఎవరండీ ఈ గురువు?" అంది కూతురు.

"నేనేనండి."

"మా నాన్నకి నేర్పింది మీరేనా?"

ఆయన మొహం ఎర్రబడింది. "లేదండీ. దొంగలు ఎత్తుకుపోకుండా…"

"ఏ దొంగలు?"

పిచ్చుకే అందుకుంది. "ఆయన్ని ఏమీ అనకండమ్మా. ఆయన లేకపోతే ఇవన్నీ చిత్తుకాగితాల్లో పోయేవి. నాకు నేర్పిందీ ఆయనే." సంచిలోంచి ఒక కవరు తీసి ఆయన ముందు పెట్టింది. "పదకొండోది, గురువుగారూ. మా దగ్గరికి చెయ్యి విరిగి వచ్చిన పెద్దాయన ఇచ్చారు. కలిసినప్పుడు మీకే ఇద్దామని దాచాను."

ఆయన కవరు ముట్టుకోలేదు. చేతులు బల్లకింద దాచుకున్నాడు.

"ఆ ఉత్తరం రాసింది నేనే" అన్నాడు.

కూతురు కళ్ళద్దాలు తీసింది. పిచ్చుకకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నామీదా? ఎందుకండీ?"

"మీది నాదానికంటే బావుంది. అందుకు."

పిచ్చుక ఏడవలేదు, అరవలేదు. కవరు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "అయితే ఇది మీకివ్వను" అంది.

నాన్న చేత్తో వేసిన అసలు బొమ్మల అట్టలన్నీ ఇంట్లో ఇనప్పెట్టెలో భద్రంగా ఉన్నాయని, వాటితో కొత్త పుస్తకం వేయాలని ఎన్నాళ్ళనుంచో ఉందని, చదివేవాళ్ళు మిగిలారో లేదో తెలియక ఆగానని కూతురు చెప్పింది. వాటిని స్కాన్ చేసే పని పిచ్చుకకి అప్పగించింది. అంతదాకా గుంపులో పాత పేజీలు ఉంచుకోవచ్చు, కానీ మూలన ఉండాల్సింది బొమ్మలు వేసినాయన పేరు. ఆ పని గురువుగారిది.

ఇరవైమూడు సంచికలు, ఏడొందల చిల్లర పేజీలు. పళ్ళపని అయ్యాక రోజూ సాయంత్రం కూర్చుని తన ముద్ర చెరిపి ఆ పేరు రాశాడు. పిచ్చుక ఆ కూతురి ఇంట్లో అసలు బొమ్మల్నే చేత్తో ముట్టుకుంటోంది కదా అని తలుచుకుంటే చెయ్యి ఆగిపోయేది. భార్య కాఫీ పెట్టి "ఇంకెన్ని?" అని మాత్రం అడిగేది.

పుస్తకం ఎప్పుడొస్తుందోనని ఉండబట్టలేక ఒకరోజు పిచ్చుకకి రాశాడు. 'క్షమించమని అడగను. పదకొండులో ముగ్గురూ ఆ దీవి ఎలా దాటుతారు? నేను చదవలేదు.'

నాలుగురోజులకి జవాబు వచ్చింది. 'కొనుక్కుని చదవండి.'

పుస్తకం వచ్చినరోజు దంపతులిద్దరూ పుస్తకాల దుకాణానికి వెళ్ళారు. ఆయన ముందు కృతజ్ఞతల పేజీ తెరిచాడు. పిచ్చుక పేరుంది, ఆయనది లేదు. వేరేవాళ్ళ పేరు కింద తన పేరు దాగి ఉందేమోనని రెండోసారి కూడా వెతికాడు.

"ఉందా?" అంది భార్య.

"లేదు."

"సరే, ఆ దీవి సంగతి చూడండి. నాకూ తెలియాలి, తొమ్మిదేళ్ళు విన్నాను."

అక్కడే అరల మధ్య నిలబడి ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఆమె పేజీ తిప్పుతోంది. ఆయన నెమ్మదిగా, కింద రాసినదీ బుడగల్లో రాసినదీ ఒక్క ముక్క వదలకుండా పైకి చదువుతున్నాడు.