పిడి విరిగిన కుక్కరు

మా ఇంట్లో ఏది కొన్నా ముందు నా ఎదుట పెట్టాల్సిందే. చీరైనా, సీలింగు ఫ్యానైనా తిరగేసి మరగేసి చూసి, ఏదో ఒక వంక పెట్టి, ఆ తర్వాతే "సరే, ఉంచుకోండి" అంటాను. అందుకే తమ్ముడు నాకు జడ్జిగారని పేరు పెట్టాడు. వెక్కిరింపే అనుకోండి, అయినా నాకు ఆ పేరంటే భలే ఇష్టం.

ఆ ఆదివారం నా ఎదుటికి వచ్చింది చీరా కాదు, ఫ్యానూ కాదు. ఏకంగా ఒక నర్సరీ! తమ్ముడి భార్య, అంటే మా మరదలు, పదిహేడేళ్ళుగా ఒక ఆఫీసులో కాగితాలకు నంబర్లు వేస్తోంది. ఇప్పుడు బస్టాండు వెనకున్న మొక్కల నర్సరీవాళ్ళు తనను పనికి రమ్మన్నారట. కొమ్మలకు అంట్లు కట్టడం, జబ్బు చేసిన మొక్కల్ని చూసుకోవడం. సోమవారం కల్లా అవునో కాదో చెప్పాలట. శనివారం రాత్రి ఆ మాట చెబుతుంటే తన మొహం వెలిగిపోయింది. తమ్ముడు మాత్రం గడ్డం గోక్కుని, "అక్క చూసొచ్చి బాగుందంటే చేరు. లేదంటే ఉన్న ఉద్యోగం వదలొద్దు" అన్నాడు. వెలుగంతా ఆరిపోయింది. పాపం, నేను దేన్నీ ఒక పట్టాన బాగుంది అననని తనకు తెలుసు.

నాకు మాత్రం ఆదివారం పొద్దున్న లేచింది మొదలు కాలు ఒకచోట నిలవలేదు. గబగబా గుమ్మం ముందు కుండీలకు నీళ్ళు పోసేసి, ఏడింటికల్లా చెప్పులేసుకుని మరదలితో బయల్దేరాను. నర్సరీ మొత్తానికి తీర్పు చెప్పడమంటే మాటలా!

ఆకుపచ్చ వల కప్పిన పందిరి కింద మొక్కలు వరసగా ఉన్నాయి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చింది. యజమానురాలు ఆవిడే. నేను పలకరింపుల జోలికి పోలేదు. చేతికందిన చామంతి కుండీని తలకిందులు చేసి, అంచును బల్లకేసి తట్టాను. మట్టిముద్దతో సహా మొక్క చేతిలోకి జారింది. వేళ్ళు తెల్లగా, కడిగినట్టున్నాయి. అయ్యో, వంక దొరకలేదే!

"ముందు వరసవన్నీ బాగానే పెడతారు లెండి" అన్నాను.

"అయితే వెనకవి కూడా తీసి చూడండి" అంది బూట్లావిడ నవ్వుతూ.

చూశాను. ఆకుల అడుగున పురుగు లేదు, కుండీల కింద కుళ్ళు వాసన లేదు. మరదలు కొంగు మెలిపెడుతూ నా వెనకే తిరుగుతోంది. ఇక లాభం లేదని నా అసలైన పరీక్ష పెట్టాను. ఒక గులాబీని చూపించి, "మా వరండాలో ఎండ అసలు రాదు. ఇది పూస్తుందా?" అన్నాను. అమ్మేవాళ్ళెవరైనా బ్రహ్మాండంగా పూస్తుందనే అంటారు.

"పూయదు. ఆ ఇంటికైతే దీన్ని అమ్మను" అందావిడ.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. ఇలాంటి చోటు మన ఊళ్ళో ఉందా అని సంబరపడుతూ వెనకనున్న తడిక వైపు నడిచాను.

"అటెందుకు వదినా? అక్కడంతా బురద" అంది మరదలు, దారికి అడ్డం వచ్చి.

ఇంకేం, దొరికింది వంక! తనను పక్కకు జరిపి తడిక తోసుకుని లోపలికి వెళ్ళాను. అక్కడ జబ్బు మొక్కలన్నీ ఉన్నాయి. వాటి మధ్యలో ఒక పాత కుక్కరు. పిడి విరిగింది, పక్కన సొట్ట. ఆ సొట్ట నా చేతిలోంచి జారిపడినప్పుడు పడిందే!

అందులో ఉన్నది మా నిమ్మమొక్క. కిందటేడు ఆకులన్నీ పసుపు పచ్చగా రాలిపోతే, "మొక్కే చచ్చుది, అమ్మినవాడు మోసగాడు" అని తీర్పు చెప్పి, కుక్కరుతో సహా చెత్తకుప్ప దగ్గర పడేశాను. ఇప్పుడది నిగనిగలాడుతోంది. గోళీలంత కాయలు మూడు! దానికి కట్టిన చీటీ మీద మరదలి గుండ్రటి రాత.

"నంబరు పద్నాలుగు. జబ్బు: అతిగా నీళ్ళు. మొక్కది తప్పు లేదు."

"నేనే తెచ్చాను వదినా. సాయంత్రం నడకకని చెప్పి ఇక్కడికే వచ్చేదాన్ని" అంది తను తల వంచుకుని.

"ఆ మొక్కను బతికించడం చూసే పనికి రమ్మన్నాను" అంది బూట్లావిడ.

"నీళ్ళు ఎక్కువయ్యాయని ఇంట్లో చెప్పొచ్చుగా?" అన్నాను మరదలితో.

"మీరు తీర్పు చెప్పేశాక ఇంకెవరు వింటారు? పొద్దున్న మీరు, స్నానానికి ముందు ఆయన, బడి నుంచి రాగానే పిల్లలిద్దరూ, ఎవరికి వాళ్ళు చెంబుడు పోశారు. ఇంకెవరూ పట్టించుకోవట్లేదనుకుని నేనూ పోశాను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాయల్ని చూస్తే మాత్రం సంతోషం ఆగలేదు. "సరేలే, పద, ఇంటికి తీసుకుపోదాం" అని కుక్కరు ఎత్తబోయాను.

మరదలు దానిమీద చెయ్యి వేసింది. "ఇవ్వను వదినా. నీళ్ళు ఒక్కరే పోయాలని ఇంట్లో అందరూ ఒప్పుకునేదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

ఇన్నేళ్ళలో తను నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. కుక్కరు మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడికక్కడే తమ్ముడికి ఫోను చేశాను.

"రేపే చేరుతోందిరా. ఇంతకంటే మంచి చోటు లేదు."

"ఏమిటీ? నీకు వంకే దొరకలేదా అక్కా?"

"దొరికింది. అది మనింట్లో ఉంది. ఇంతకీ ఏం చేస్తున్నావు?"

"గుమ్మం ముందు కుండీలకు నీళ్ళు పోస్తున్నా."

"పొద్దున్నే నేను పోశానురా! ముందా చెంబు కింద పెట్టు!" అని అరిచాను.