తూకం అక్క

"గడ్డం ఎత్తకండి బాబాయ్, ఆకాశంలో ఏం లేదు," అంటూ ఆమె కొలబద్ద మీది అడ్డపలకను ఆ ముసలాయన నెత్తికి ఆనేదాకా దించింది. అప్పటికి ఆ పూట పదకొండో మనిషి. ఆస్పత్రిలో అందరికీ ఆమె తూకం అక్క. ఇరవై ఆరేళ్లుగా మెట్ల కింది గదిలో ఒకటే పని: బరువు, ఎత్తు, నడుం చుట్టుకొలత. ఎవరి అంకెనూ పైకి చదవదు. చీటీ మీద రాసి, మడిచి చేతిలో పెడుతుంది. ఒకరి ఒళ్లు పదిమంది నోళ్లలో నానకూడదని ఆమె పట్టుదల.

పన్నెండోవాడు లారీ డ్రైవరు. భార్య పోరు పడలేక వచ్చాడు కానీ మిషన్ ఎక్కనని మొరాయించాడు.

"నాకేం రోగం? దుక్కలా ఉన్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను అన్నా," అంటూ ఆమె తనే ఎక్కింది. ముల్లు డెబ్భై రెండు దగ్గర ఆగింది. "ఆరేళ్ల కిందట తొంభై. నా ఎత్తు మీటరున్నర. బరువును ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఎత్తుతో భాగిస్తారు. అప్పుడు నలభై, ఇప్పుడు ముప్పై రెండు. ఇరవై ఐదులోపు ఉంటే మంచిదంటారు."

"మరి ఇంత తగ్గి ఏం లాభం?"

"మెట్లెక్కగలుగుతున్నాను. షుగరు మాట వింటోంది. గుండె మాత్రం అప్పటికే దెబ్బతింది. నేను ఆలస్యంగా మేలుకున్నాను, మీరలా చెయ్యకండి."

"లారీలో పది బస్తాలు ఎక్కువైతే టైర్లు పోతాయని గోల పెడతారు కదా," అంది భార్య మెల్లగా.

డ్రైవరు మిషన్ ఎక్కాడు. ఎత్తు, నడుం కూడా కొలిచి ఆమె ఇచ్చిన చీటీ విప్పి, చివర ఉన్న భాగించిన అంకె చూసి, "ముప్పై నాలుగా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"భయపడకండి. ఆ ఒక్క అంకెతోనే అన్నీ తేలవు, కండ కూడా బరువు తూగుతుంది. నడుం చుట్టు ఎక్కువే ఉంది కాబట్టి రక్తం, బీపీ చూపించుకోండి. రోజూ కాస్త నడవండి."

మోచేతి మడతలో దూది అదుముకుని అతను తిరిగొచ్చేసరికి గది ముందు జనం. తూకం అక్క కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. చేతిలో కలం అలాగే ఉంది. నాడి చూసిన డాక్టరమ్మ చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. "ఈ ఆరేళ్లూ ఆవిడ నడిచి సంపాదించుకున్నవే," అంది చివరికి.

డ్రైవరు వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. ఆఫీసుతో మూడేళ్లు పోట్లాడి ఆమె చేయించిన బెంచీ అది. భారీ మనుషుల తుంటికి ఒరుసుకునే పక్క చేతులు లేకుండా, వెడల్పుగా, ఎందరో కూర్చుని లేవగా నున్నబడి ఉంది.